వెనక గదిలో నూట ఎనభై డ్రమ్ములు

ఆఫీసులో ఆవిడకి "చూశావా మేడమ్" అని పేరు. ఎదురుగా అనరు లెండి, అంత గుండె ఎవరికుంది? కాఫీ మిషను దగ్గర అంటారు, లిఫ్టు తలుపులు మూసుకున్నాక అంటారు. ఎవరు ఏ కాగితం తెచ్చి ముందు పెట్టినా ఆవిడ మొదట అడిగే మాట అదే. "చూశావా?" చూశానంటే, "నీ కళ్ళతోనేనా?" అని ఇంకోటి. ఆ రెండో ప్రశ్నకి కొత్తవాళ్ళు సగం మంది నీళ్ళు నములుతారు. బయటికొచ్చి తిట్టుకుంటారు. తిట్టుకోనీండి. ఆ ప్రశ్న ఆవిడ నోటికి ఊరికే రాలేదు. దానికోసం ఒక మేనేజరు కుర్చీని పణంగా పెట్టాల్సొచ్చింది. ఆ సంగతే చెప్తాను, తీరిగ్గా వినండి.

చేరినప్పుడు ఆవిడ ఇంకా ఆవిడ కాదు, ఇరవై రెండేళ్ళ అమ్మాయి. కాబట్టి కథ అయ్యేదాకా అమ్మాయి అనే అంటాను. అది పదకొండు అంతస్తుల అద్దాల మేడ. పేరు మోసిన పెద్ద ఆడిట్ సంస్థ. ఊరూరా ఉన్న కంపెనీలన్నీ తమ లెక్కలు సరిగ్గా ఉన్నాయని వీళ్ళ చేత సంతకం పెట్టించుకుంటాయి. ఆ ఏడాది కొత్తగా ముప్ఫై ఆరు మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరికీ మెడలో కార్డు, చేతిలో లాప్‌టాప్, భుజాన సంచీ ఇచ్చారు. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళది కుర్చీ, వెనకొచ్చినవాళ్ళకి ఫోటోస్టాట్ మిషను పక్కన స్టూలు.

అమ్మాయి వాళ్ళమ్మ దర్జీ. ఇంటి ముందుగదిలోనే మిషను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళకి కుట్లు విప్పి వదులు చెయ్యడం. "జనం ఒళ్ళు చేసినంత కాలం మనకి లోటు లేదే" అంటుండేది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. ఆ మిషను మీదే కూతుర్ని చదివించింది. ఉద్యోగం వచ్చిందనగానే రాత్రీపగలూ కూర్చుని బూడిదరంగు కోటు కుట్టింది. దానికి తగ్గట్టు నల్ల బూట్లు తనే వెళ్ళి కొనుక్కొచ్చింది. కోటుకి బూట్లు అచ్చంగా కలిసిపోయాయి. కాళ్ళకే కలవలేదు.

అమ్మాయిని ఒక సీనియర్ కింద వేశారు. ఆయన కళ్ళజోడు ముక్కు మీద కన్నా నుదుటి మీదే ఎక్కువ ఉండేది. అందరూ కళ్ళజోడు సారు అనేవాళ్ళు. మొదటి వారం ఆయన లెక్కలేం నేర్పలేదు. పెన్సిలిచ్చి మూడు గుర్తులు నేర్పాడు.

"చూడమ్మాయ్. మామూలు టిక్కు పెడితే కాగితం చూశానని. టిక్కు చుట్టూ సున్నా చుడితే వస్తువుని నా కళ్ళతో చూశానని. పక్కన అడ్డగీత పెడితే ఎవరో చెప్తే విన్నానని. ఇంతే మన విద్య."

"ఇంతేనా సార్?"

"ఇంతే. నలభై ఏళ్ళ సర్వీసున్నవాళ్ళు కూడా తప్పేది ఇక్కడే. విన్నానని రాస్తే తప్పు లేదు. వినిందాన్ని చూశానని రాయడమే తప్పు. మిగతావన్నీ దిద్దుకోవచ్చు."

చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. అమ్మాయి చిలకలాగే తలూపింది.

ఏడాది ఆఖరి రోజున సరుకు లెక్క ఉంటుంది. కంపెనీవాళ్ళు గోడౌన్లో ఏమేం ఉన్నాయో జాబితా ఇస్తారు. ఆడిట్‌వాళ్ళు పక్కన నిలబడి అవి నిజంగా ఉన్నాయో లేదో లెక్కపెట్టి చూడాలి. అమ్మాయిని ఒక రంగుల కంపెనీకి పంపారు. గోడలకి వేసే రంగులు. పొడవాటి రేకుల షెడ్డు, అడుగు పెట్టగానే కళ్ళు మండే వాసన, డ్రమ్ము మీద డ్రమ్ము. స్టోర్ కీపరు మెత్తటి మనిషి. పొద్దున్న తొమ్మిదికి మొదలెట్టారు. మధ్యాహ్నానికి బూట్లు మడమలు కొరికేశాయి. మూడయ్యేసరికి సాక్సు తడిసి అంటుకుపోయింది, అది చెమట కాదు. అయినా అమ్మాయి పళ్ళ బిగువున నడిచింది. మొదటి లెక్క కదా, కుంటుతోందని ఎవరైనా సారుకి చెప్తే నామోషీ.

జాబితాలో ఆఖరి వరస మిగిలింది. వెనక గది, నూట ఎనభై డ్రమ్ములు. వెనక గదంటే షెడ్డు దాటి, ఆవరణంతా దాటి, ఆ చివరెక్కడో ఉంది. రాత్రి వానకి దారంతా బురద.

"ఆ గది తాళం ఇవాళ లేదమ్మా" అన్నాడు స్టోర్ కీపరు. "నిన్ననే లెక్కపెట్టాం. నూట ఎనభై ఉన్నాయి. రాసేసుకోండి."

అమ్మాయి ఆవరణ వంక చూసింది, కాళ్ళ వంక చూసుకుంది, పెన్సిలు తీసింది. అడ్డగీత పెడదామనే అనుకుంది. కాగితం నిండా గుండ్రంగా సున్నాలు చుట్టిన టిక్కులే. ఒక్కటీ తేడా లేదు. చివర్లో ఈ ఒక్క అడ్డగీత పెడితే సారు ఎందుకని అడుగుతారు, రేపు మళ్ళీ వెళ్ళిరమ్మంటారు. ఉన్నాయని మనిషి చెప్తున్నాడుగా, అబద్ధం ఆడతాడా? టిక్కు పెట్టింది. చుట్టూ సున్నా చుట్టింది. పొడి అక్షరాలతో సంతకం చేసింది. మర్నాడు సారు ఆ కాగితం కింద తనదీ ఒక సంతకం గీకి, "బాగుంది" అన్నాడు.

అంతే. పిడుగేం పడలేదు. అదే చెడ్డ సంగతి.

ఆ తర్వాత ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పాలంటే ఒక పుస్తకమవుతుంది. మరో ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకో ఊళ్ళో ఆసుపత్రి, ఆ పై ఊళ్ళో బిస్కెట్ల కంపెనీ. అందులో నెల్లాళ్ళు బిస్కెట్లు తిని, ఇప్పటికీ వాటి పేరెత్తితే మొహం తిప్పుకుంటుంది. పొద్దున ఆఫీసు, సాయంత్రం పరీక్షల చదువు. ఒకసారి తప్పింది. ఫలితం చూసుకుని మంచమెక్కితే వాళ్ళమ్మ వచ్చి దుప్పటి లాగింది. "ఏడిస్తే మార్కులు కలుపుతారటే? లే, వచ్చి నాలుగు మెతుకులు తిని చదువుకో." లేచింది, తినింది, రెండోసారి గట్టెక్కింది. జూనియరు సీనియరైంది. చేరిన ముప్ఫై ఆరు మందిలో తొమ్మిది మంది మిగిలారు. కొందరు బ్యాంకులకి పోయారు. ఒకతను ఏకంగా వంటలు నేర్చుకోడానికి పోయాడు. "వాడే తెలివైనవాడు" అని మిగతా తొమ్మిదిమందీ ఇప్పటికీ అనుకుంటుంటారు.

ఈలోగా కళ్ళజోడు సారు పార్ట్‌నరయ్యాడు, సంస్థలో వాటాదారుడన్నమాట. కుర్చీ పెద్దదైంది కానీ కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. తొమ్మిదో ఏడు ఆయన అమ్మాయిని గదికి పిలిచాడు.

"ఈసారి మేనేజర్ల జాబితాలో నీ పేరు రాశానమ్మాయ్. ఏడాది లెక్కలయ్యాక కమిటీ కూర్చుంటుంది. ఒక్క ఫైలు తీసి తిరగేస్తారు, అంతే. ఏ మచ్చా లేకపోతే అయిపోయినట్టే."

ఇంటికొచ్చి చెప్తే వాళ్ళమ్మ సూదిలో దారం ఎక్కించబోయి నాలుగోసారి తప్పుతోంది. రెండేళ్ళుగా ఇదే వరస, కళ్ళు ఆనడం లేదు. మిషను మానెయ్యమంటే వినే రకం కాదు.

"మేనేజరైన రోజున మిషను మూసెయ్యాలి. మాటివ్వు" అంది అమ్మాయి.

"ముందు అవ్వవే తల్లీ. ఇల్లు అలకగానే పండగ కాదు."

"అయితే మూస్తావా?"

"మూస్తాలే. నాకు మాత్రం సరదానా?"

మూస్తానన్న మాట వాళ్ళమ్మ నోట రావడం అదే మొదలు. అమ్మాయి ఆ దారం తనే ఎక్కించి ఇచ్చింది.

తిరిగి తిరిగి ఆ ఏడాది రంగుల కంపెనీ ఫైలు అమ్మాయి చేతికే వచ్చింది. కింద పనిచెయ్యడానికి ఒకాయన్ని ఇచ్చారు. ముప్ఫై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అదివరకు బళ్ళో లెక్కలు చెప్పేవాడు, ఆలస్యంగా పరీక్షలు కట్టి ఇటొచ్చాడు. ఆఫీసంతా మాస్టారనే పిలిచేది. ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు, వచ్చే నెల తేలాలి. పోయినేడాది ఆ గోడౌను లెక్కకి వెళ్ళింది ఆయనే.

సరుకు లెక్కకి రెండ్రోజుల ముందు అమ్మాయి పాత ఏళ్ళ కాగితాలన్నీ తెర మీద వరసగా తెరవమంది. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగింది.

"మాస్టారూ, ఈ వెనక గది వరస చదవండి."

"పోయినేడాది నూట ఎనభై. అంతకుముందు నూట ఎనభై. అంతకుముందు..." మాస్టారి గొంతు తగ్గుతూ వచ్చింది. "ఎనిమిదేళ్ళూ నూట ఎనభయ్యే మేడమ్."

రంగు డ్రమ్ములండీ అవి! అమ్ముడుపోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఒక్కటి పెరగకుండా, ఒక్కటి తగ్గకుండా ఎనిమిదేళ్ళు అలా కూర్చోడానికి అవేమన్నా గుళ్ళో విగ్రహాలా? ప్రతి కాగితం మీదా టిక్కు, టిక్కు చుట్టూ సున్నా. ముందువాడు చూశాడని వెనకవాడూ చూసేశాడు. గొర్రెదాటు. అన్నిటికన్నా అడుగున, మొదటి ఏడాది కాగితం మీద, పెన్సిలుతో గుండ్రంగా చుట్టిన సున్నా పక్కన తన పొడి అక్షరాలు.

"మీరు చూశారా మాస్టారూ?"

ఆయన నీళ్ళు నమిలాడు. "వెనకంతా ఎప్పట్లాగే ఉందన్నారు మేడమ్. పాత కాగితంలోనూ అదే ఉంది. చూసినట్టే కదా అని..."

ఆ రోజే ఇద్దరూ గోడౌనుకి వెళ్ళారు. స్టోర్ కీపరుకి తల నెరిసింది. గుర్తుపట్టి నవ్వాడు.

"వెనక గది చూపించండి" అంది అమ్మాయి.

"ఏ వెనక గదమ్మా?"

"ఆవరణ చివర ఉండేది."

"అయ్యో, అది పడగొట్టి నాలుగేళ్ళయింది! లారీలు తిరగడానికి రోడ్డేశారుగా."

చూస్తే నిజమే. ఆ చివరంతా నున్నటి సిమెంటు రోడ్డు, దాని మీద ఒక లారీ తాపీగా వెనక్కి వస్తోంది. గదిలోని డ్రమ్ములు షెడ్డులోని ముందు హాల్లోకి చేర్చారు. అక్కడ వాటిని లెక్కపెడుతూనే ఉన్నారు. కంపెనీ జాబితాలో పాత వరస మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. కాబట్టి ఏటా అవే డ్రమ్ములు రెండుసార్లు లెక్కకొస్తున్నాయి. దొంగతనం లేదు, మోసం లేదు. లేని గదిలోకి నాలుగేళ్ళుగా మనుషులెళ్ళి కళ్ళారా చూసొస్తున్నారు, అదీ సంగతి. కాకిలెక్కలని ఊరికే అన్నారా?

"మీరు చెప్పొచ్చుగా?" అన్నాడు మాస్టారు, ఏడుపు గొంతుతో.

"చెప్దామనే అనుకున్నా బాబూ. చదువుకున్నవాళ్ళు, మీరే రాసుకుంటున్నారు. మీ లెక్కకి ఏదో అవసరమేమో అనుకున్నా."

మాస్టారు ముందు హాల్లో డ్రమ్ములు లెక్కపెట్టడానికి వెళ్ళాక, అమ్మాయి షెడ్డులోకి వచ్చి అడగలేక అడగలేక అడిగింది. "నేనొచ్చిన ఏడాది, ఆ రోజు... అందులో నిజంగా నూట ఎనభై ఉన్నాయా?"

స్టోర్ కీపరు తల గోక్కున్నాడు. "అటూ ఇటూగా ఉన్నాయమ్మా. ఒక మాట చెప్పనా, కోప్పడకు. ఆ రోజు తాళం నా జేబులోనే ఉంది."

"మరి లేదన్నారు?"

"మడమల్నించి రక్తం కారుతోంది నీకు. అయినా పైకి చెప్పకుండా కుంటుకుంటూ తిరుగుతున్నావు. నా కూతురిది అప్పుడు నీ వయసే. ఆ బురదలో అంత దూరం నడిపించడం నా వల్ల కాలేదు."

అమ్మాయికి కోపం వస్తే బాగుండేది. రాలేదు. కళ్ళు మాత్రం చెమర్చాయి, రంగుల వాసనకి అనుకున్నాడేమో ఆ పెద్దమనిషి, కిటికీ తెరిచాడు.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అన్నాడు. "నా ఉద్యోగం పోతుంది కదా మేడమ్?"

అమ్మాయి లెక్క వేసుకుంటోంది, ఆ బుర్రకి అలవాటైన పనే. ఈ తప్పు బయటపెట్టక తప్పదు. అయితే ఎంతవరకు? గది పడగొట్టింది నాలుగేళ్ళ కిందట. కాబట్టి దొరికిపోయేది ఆ నాలుగేళ్ళ వాళ్ళే. ముగ్గురు ఎప్పుడో ఉద్యోగాలు మానేసి వెళ్ళిపోయారు, మిగిలింది మాస్టారొక్కడే. తను వెళ్ళిన ఏడాది గది ఉంది, తాళం ఉంది, డ్రమ్ములూ ఉన్నాయి. తను చూడలేదన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఆ రెండోవాడు చచ్చినా చెప్పడు. నోరు మూసుకుంటే పదిహేను రోజుల్లో మేనేజరు. పైగా పాత తప్పు పట్టుకున్నందుకు శభాష్ అని కూడా అంటారు. వాళ్ళమ్మ మిషను మూస్తుంది. ఇంత తేలిగ్గా ఒడ్డుకి చేరే దారి దేవుడు అందరికీ చూపించడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకెళ్ళి ఒక పేజీ టైపు చేసింది. గది లేదని, డ్రమ్ములు రెండుసార్లు లెక్కకొచ్చాయని రాసింది. ఆఖర్న ఇంకో రెండు ముక్కలు చేర్చింది. "ఈ వరసలో మొదటి ఏడాది 'కళ్ళతో చూశాను' అని గుర్తు పెట్టింది నేనే. నేను చూడలేదు, విన్నాను. తర్వాతివాళ్ళు నా గుర్తుని నమ్మారు." అచ్చు తీసి, మొదటి ఏడాది కాగితం జతచేసి, కళ్ళజోడు సారు బల్ల మీద పెట్టింది.

ఆయన రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దిగింది. అది దిగిందంటే ఏదో పెద్ద సంగతే.

"ఇది పైకెళ్తే ఈసారికి నీ పేరు కొట్టేస్తారు. తెలుసుగా?"

"తెలుసు సార్."

"ఈ చివరి రెండు ముక్కలూ తీసేసినా నివేదికకి లోటేం లేదు."

"మాస్టారికి లోటు సార్. ఆయన నమ్మింది నన్నే."

సారు ఆ పాత కాగితం ముందుకి లాక్కున్నాడు. అమ్మాయి పొడి అక్షరాల కింద ఆయన గీకిన సంతకం ఉంది. ఆ రోజు "బాగుంది" అన్న సంతకం. సొరుగులోంచి పెన్సిలు తీసి, అమ్మాయి రాసిన పేజీ అడుగున తన చేత్తో ఒక వాక్యం రాశాడు. "ఆ కాగితం తనిఖీ చేసింది నేను. చూశావా అని నేను అడగలేదు." కింద సంతకం చేసి, ఫైల్లో పెట్టమని ఇచ్చేశాడు.

పేరు కొట్టేశారు. మొహమాటం లేకుండా కొట్టేశారు. మేనేజరు కుర్చీ ఆ తొమ్మిదిమందిలోనే ఇంకొకరికి వెళ్ళింది. ఆ వార్త వచ్చిన రోజు అమ్మాయి బాత్రూములో తలుపేసుకుని ఏడ్చింది, నిజం చెప్పడానికేం. మంచిపని చేశాను కదా అనుకుంటే ఏడుపు ఆగుతుందా? మాస్టారికి గట్టిగా ఒక హెచ్చరిక ఉత్తరం ఇచ్చి ఉద్యోగం ఖాయం చేశారు. ఆయన ఆ ఉత్తరాన్నే ఇంటికి స్వీట్ల పొట్లంలా పట్టుకెళ్ళాడు.

ఇంట్లో మాత్రం చెప్పాలిగా. మిషను దగ్గర కూర్చుని మొదట్నించీ చెప్పుకొచ్చింది. గది, బురద, తాళం, సున్నా, అన్నీ. వాళ్ళమ్మ మధ్యలో మిషను ఆపింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ రెండు ముక్కలూ రాయకపోతే కొంపలంటుకుపోయేవా?"

"పోయేవి కాదు."

"మరి?"

"ఆయన కూడా కొత్తగా చేరినవాడే కదమ్మా. నాలాగే."

వాళ్ళమ్మ కాసేపు తిట్టింది. కమిటీని తిట్టింది, కళ్ళజోడు సారుని తిట్టింది, స్టోర్ కీపరుని మాత్రం తిట్టలేదు. ఆ తర్వాత ఉన్నట్టుండి చల్లబడిపోయింది. చేతిలో ప్యాంటు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ బూట్లు నీకు సైజు తక్కువని నాకు తెలుసే" అంది.

"ఏంటి?"

"కొట్లో నీ సైజువి గోధుమరంగులోనే ఉన్నాయి. నల్లవి ఒక సైజు చిన్నవి. కోటుకి నలుపే నప్పుతుందని అవే తెచ్చా. వాడితే సాగుతాయిలే అనుకున్నా. నువ్వు ఒక్కనాడూ కరుస్తున్నాయని అనలేదు."

"నువ్వు కుట్టిన కోటుకి తెచ్చావు. ఎలా అంటానమ్మా?"

సూదిలో దారం జారిపోయి ఉంది. అమ్మాయి వంగి ఎక్కించి పెట్టింది. ఇంకో రెండేళ్ళు అలా ఎక్కిస్తూనే ఉంది. మూడో ఏట మేనేజరైంది, మిషనుకి గుడ్డ కప్పారు.

ఇప్పుడు ఆవిడ కళ్ళజోడు సారు కూర్చున్న గదిలోనే కూర్చుంటుంది. ఏడాది ఆఖరి రోజున కొత్తవాళ్ళంతా పెన్సిళ్ళు, జాబితాలు పట్టుకుని గోడౌన్లకి బయల్దేరే ముందు ఆవిడ గుమ్మం ముందు వరసగా నిలబడాలి. అది ఆవిడ పెట్టిన రూలు. "చూశావా" అని అడిగేది వాళ్ళు తిరిగొచ్చాక. వెళ్ళేముందు మాత్రం ఆవిడ ఎవరి మొహమూ చూడదు. తలొంచుకుని ఒక్కొక్కరి కాళ్ళే చూస్తూ వస్తుంది, కొత్త బూట్లు కనబడ్డచోట ఆగుతుంది.

"కరుస్తున్నాయా? నిజం చెప్పు."

లేదు మేడమ్ అంటారు వాళ్ళు, అందరూ అలాగే అంటారు. ఆవిడ బల్ల కింద నాలుగైదు సైజుల్లో పాత చెప్పులుంటాయి. ఒక జత తెచ్చి కాలితో ముందుకి తోసి, అవి వేసుకునేదాకా అక్కడే నిలబడి చూస్తుంది.